ఇంటికో నట్టు

అమ్మాన్‌లో బయాదర్ వర్క్‌షాపుల వెనక వీధి. శుక్రవారం మధ్యాహ్నం. ముందుగదిలో నలభై మంది మగవాళ్లు, వంటగదిలో భార్యాభర్తలిద్దరు: షాహిర్ నాన్న కాబట్టి అబూ షాహిర్, అమ్మ కాబట్టి ఉమ్ షాహిర్, ఆవిడ అసలు పేరు ఇంతిసార్.

"కప్పు కింద పెట్టేశాడా?"

"పెట్టేశాడు."

"హాజ్ ముఫ్లిహ్ స్వయంగానా?"

"మరి నేను పెడతానా? మొదటి కప్పు ఆయనకే పోశాను. తీసుకున్నాడు, వాసన చూశాడు, తన ముందు బల్ల మీద పెట్టి జపమాల తిప్పడం మొదలెట్టాడు."

"అయితే మీరిక్కడేం చేస్తున్నారు అబూ షాహిర్?"

"కాఫీ చల్లారిందేమో, వేడిది తెస్తానని చెప్పి వచ్చా."

"పెద్దమనిషి కప్పు కింద పెట్టాక ఇంటాయన లేచి వంటగదిలోకి రావడం ఎక్కడన్నా ఉందా? నన్నడగడానికి మీవాళ్లు వచ్చిన రోజు మా నాన్న ఇలాగే లేచొచ్చుంటే మన పెళ్లి అయ్యేదా?"

"అయ్యేది కాదు. ఇవాళ ఈ తంటా ఉండేది కాదు."

"ఏమన్నారు?"

"ఏం లేదు. ఆ పళ్లెం మీద గుడ్డ కాస్త తియ్యి, ఒక్క ముక్క..."

"చెయ్యి తియ్యండి. ఆ కునాఫా మిఠాయి వాళ్లు కాఫీ తాగాక. వాళ్లు తాగేది మీరు సరే అన్నాక."

"నేను సరే అననుగా."

"అయితే నలభై మంది తినాల్సింది మనిద్దరం వారం రోజులు తినాలి. ఇంతకీ ఏమడిగాడు?"

"ఇంకా అడగలేదు. మా ముత్తాత దగ్గర ఎత్తుకున్నాడు. ముత్తాత గుర్రం గురించి పావుగంట. తర్వాత తాత, ఆయన చేతికి ఎముక లేకపోవడం. తర్వాత మా నాన్న. నాన్న దాకా వచ్చేసరికి నాకు చెమటలు పట్టేశాయి. తర్వాత వరస నాదే కదా. లేచొచ్చేశా."

"ఏమడుగుతాడో తెలీనట్టు. వాకిట్లో లారీ మీద బండి నిలబడి ఉంది. దాని తలుపు మీద పాతికేళ్ల కిందటి మీ మీసాల బొమ్మ."

"చూశావా? ఎలా ఉంది?"

"మీసమా, బండా?"

"బండే."

"బానెట్ ఎరుపు, తలుపు తెలుపు, డిక్కీ పచ్చ. మా అత్త పాత గౌన్లన్నీ కలిపి కుట్టిన బొంతలా ఉంది."

"బండిని పట్టుకుని బొంతంటావేమిటి?"

"ఏం చెయ్యను? చూడ్డానికి అలాగే ఉంది."

"తలో ఊరి నుంచి వచ్చాయి మరి. ఇంటికో నట్టు అన్నాడు మన మెకానిక్ జిర్యస్. ఫోన్లో పెట్టాడు, రొట్టెల కొట్ల మీద అంటించాడు, టాక్సీల వెనక అంటించాడు. ఇంటికో నట్టు ఇవ్వండి, మన అబూ షాహిర్‌కి బండి కట్టిద్దాం అని. వీళ్లు నట్లిచ్చి ఊరుకోవచ్చు కదా. ఇంజిన్లిచ్చారు."

"ఇంజిన్లా? ఎన్ని?"

"రెండు. ఒకటి కరక్ నుంచి గొర్రెల లారీలో వచ్చింది, గొర్రెలతో సహా. రెండోది ఇర్బిద్ నుంచి. వద్దంటే ఎలా? ప్రేమగా తెచ్చాడు. రేపు వచ్చి నాదెక్కడుంది అంటే చూపించాలి. అందుకని కరక్ వాళ్లది ముందు బిగించాడు జిర్యస్. ఇర్బిద్ వాళ్లది డిక్కీలో పెట్టాడు."

"డిక్కీలో ఇంజినా?"

"వెనక బరువుంటే బండి నిలకడగా ఉంటుందని వాళ్లకి చెప్పాడు. వాళ్లు దాంతో ఫొటో దిగి సంతోషంగా వెళ్లిపోయారు. స్టీరింగులు నాలుగొచ్చాయి. ఒకటి ఉండాల్సిన చోట ఉంది, మూడు పైకప్పుకి లోపల వేలాడుతున్నాయి. సాల్ట్ ఊరి నుంచి ఒక కసాయి ఆయన హారన్ పంపాడు. అది మోగితే బండి దానంతటదే ఆగిపోతోందట, ఇంకా కారణం తెలీలేదు."

"ఇదంతా మీకెవరు చెప్తారు? మీరు ఆ షెడ్డు వైపే వెళ్లట్లేదని జిర్యస్ పెళ్లాం నాతో అంది."

"వెళ్తే ఎక్కమంటారు. రోడ్డుకి అవతలి నుంచి చూస్తా. జిర్యస్ రోజూ సాయంత్రం ఫోన్ చేస్తాడు. జర్కా నుంచి ఒకావిడ గేరు మీది గుండు పంపిందట. ఇంతే ఉంటుంది, అరిచేతిలో పట్టేంత. వాళ్లాయన టాక్సీలో ముప్పై ఏళ్లు పట్టుకున్న గుండు. నా బండి పోటీలన్నీ చూశాడట ఆయన, ఒక్కటి మానలేదట. పోయినేడు పోయాడు."

"అయ్యో."

"అది విన్నాక నేను బాత్రూంలోకి వెళ్లి కాసేపు కూర్చున్నా."

"ఏడ్చారా?"

"కూర్చున్నానంతే."

"ఆ రోజు గంటసేపు కుళాయి తిప్పి ఉంచారు. నీళ్ల ట్యాంకు ఖాళీ అయింది."

"అయింది, అయితే ఏం? ఇప్పుడది కాదు. ఇప్పుడు వీళ్లకేం చెప్పాలి?"

"ముందు ఇదంతా ఎవరు మొదలెట్టారో చెప్పండి."

"జిర్యస్."

"జిర్యస్ ఫోన్లో పెట్టాడు. నోటితో అన్నది ఎవరు? వాళ్లమ్మాయి పెళ్లిలో, మూడొందల మంది మధ్యలో, చేతిలో కోడి కాలు పట్టుకుని?"

"ఊరికే అన్నమాట అది. ఎవడో కుర్రాడు ఫోన్లో తన ఆట చూపించి ఎలా ఉందంటే, నాకే ఒక బండి ఉంటేనా, నీకు చూపించేవాణ్ని అన్నా. అందులో తప్పేముంది? ఆరేళ్లుగా అంటున్నా. పెళ్లిళ్లలో అన్నా, పరామర్శకెళ్లి అక్కడా అన్నా. మంగలి షాపులో అయితే వారం వారం అంటా. బండి లేదన్న ధైర్యంతోనే కదా అనేది."

"ఇప్పుడు బండొచ్చింది."

"ఇప్పుడు బండొచ్చింది. ఎవడన్నా అనుకుంటాడా, ఒక మాట పట్టుకుని నాలుగు ఊళ్లు కదిలొస్తాయని?"

"మీరు నోరు జారారు, వాళ్లు నమ్మారు."

"నమ్మడమే కదా వచ్చిన చిక్కు."

"వెళ్లి చెప్పండి. అయ్యా, బండి బాగుంది, కాళ్లు కడిగి నెత్తిన చల్లుకుంటా, కానీ నడపను. అయిపోతుంది."

"అయిపోతుందా? హాజ్ ముఫ్లిహ్ కప్పు కింద పెట్టాక, అడిగింది ఇవ్వలేదని తాగకుండా లేచి వెళ్లిపోయిన ఇల్లు ఒక్కటి చెప్పు. ఆయన అడిగితే రెండు హత్యలకి రాజీ అయింది. మూడొందల మంది ఆడపిల్లల్ని పెళ్లికి ఇప్పించాడు. ఒక్క నా ఇంట్లో కప్పు నిండుగా ఉండిపోతే, రేపు ఈ వీధిలో నాకు కూరగాయలమ్మేవాడు కూడా మొహం తిప్పుకుంటాడు."

"అంత పెద్ద ఆట ఇది. బండిని నేరుగా నడపడం చేతకాక అడ్డంగా జార్చే ఆట."

"డ్రిఫ్ట్ అంటే చేతకాక కాదు. వెనక చక్రాల్ని వదిలెయ్యాలి, బండి అడ్డం తిరిగి పడిపోబోతుంటే ముందు చక్రాలతో పట్టుకోవాలి. పడిపోవడానికీ పట్టుకోవడానికీ మధ్య ఉండాలి, అంతసేపూ. తెలుసా?"

"ఇరవై నాలుగేళ్లు మీ చొక్కాల్లో కాలిన రబ్బరు కంపు ఉతికిపోశాను. బాల్కనీలో బట్టలారేసే చోట టైర్లుండేవి. మా చెల్లెలి నిశ్చితార్థానికి గుమ్మం ముందు మసి పూసుకుని దిగారు. నాకు తెలుసా అంటున్నారు."

"ఉమ్ షాహిర్."

"ఏంటి?"

"ఒక్క సాయం చెయ్యి."

"ఆ గొంతు నాకు తెలుసు. వద్దు."

"ఇంకా చెప్పందే?"

"'నా భార్య ఒప్పుకోలేదు' అని చెప్తానంటారు. అంతే కదా?"

"నువ్వు తలుపు దగ్గరికొచ్చి ఒక్క మాట అంటే చాలు. ఆడది వద్దంటే హాజ్ ముఫ్లిహ్ కూడా తల దించుకుంటాడు. కప్పు మాట ఎవరూ ఎత్తరు."

"ఆరేళ్ల కిందట కూడా ఇదే చెప్పారు."

"అప్పుడు వేరు."

"వేరేముంది? ఆ ఆఖరి పోటీలో పదకొండు మందిలో పదకొండో స్థానంలో వచ్చారు. మర్నాడు బండి అమ్మేశారు. బయాదర్ అంతా ఏమని చెప్పారు? ఉమ్ షాహిర్ ఏడ్చింది, అన్నం మానేసింది, పుట్టింటికి పోతానంది, అందుకని అమ్మేశాను అని. నేనెప్పుడు అన్నం మానేశాను? ఆ రోజు మీరే తినలేదు. మీకు పప్పు వండి పెడితే గోడకేసి తిరిగి పడుకున్నారు."

"అది... అంటే..."

"ఆరేళ్లుగా ఆ రొట్టెల కొట్టువాడు నన్ను చూస్తే తల అటు తిప్పుకుంటాడు. వాళ్లావిడ అంటుంది, ఒక సింహాన్ని ఇంట్లో కట్టేసిందీవిడ అని. సింహం ఇంట్లో పెరుగు డబ్బా మూత కూడా పెట్టదని నేనెవరికీ చెప్పలేదు."

"నువ్వెందుకు చెప్పలేదు? అది కాదులే, ఆ రోజు పప్పు సంగతి."

"చెప్తే మీకు తల కొట్టేసినట్టు ఉంటుందని. ఇప్పుడు మళ్లీ నన్నే ముందు నిలబెడితే ఊరుకోను. అసలు కారణం చెప్పండి. ఎందుకు నడపరు?"

"నడుం నొప్పి."

"నిన్న గ్యాస్ బండ భుజాన వేసుకుని మూడంతస్తులెక్కారు."

"వయసు."

"యాభై ఎనిమిది. లోపల కూర్చున్నాయనకి ఎనభై రెండు, పోయినేడు పెళ్లి చేసుకున్నాడు."

"ప్రాక్టీసు లేదు."

"పోటీకి నెల రోజుల టైముంది."

"భయం."

"అది మీకు పుట్టుకతో లేదు. ఉంటే నాకు ఇన్ని తెల్ల వెంట్రుకలు వచ్చేవి కావు."

"కన్ను."

"ఏం కన్ను?"

"కుడికన్ను. రెండేళ్లయింది. ముందు పొగలా వచ్చేది. టైరు కాలిన పొగ లోపల ఉండిపోయిందేమో అనుకుని నవ్వుకునేవాణ్ని. తర్వాత పొగ కూడా లేదు, ఏమీ లేదు. నరం ఎండిపోయిందన్నాడు డాక్టరు. ఇక రాదట. ఇల్లూ బజారూ తిరగడానికి ఒక కన్ను చాలు. కానీ అడ్డంగా జారేటప్పుడు కుడిపక్క గోడ ఎంత దూరంలో ఉందో తెలియాలి. అటుపక్కే జనం నిలబడతారు ఇంతిసార్. చిన్నపిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని నిలబడతారు. ఎవరికీ చెప్పలేదు. జిర్యస్‌కి కూడా చెప్పలేదు. నీకు చెప్తే కంగారు పడతావని..."

"నాకు తెలుసు."

"కంగారు పడి నిద్ర మానేస్తావని... ఏం తెలుసు?"

"మీ కుడికన్ను పోయిందని."

"ఎవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? రెండేళ్లుగా బజారుకెళ్తే మీ కుడిపక్కనే నడుస్తున్నా. గమనించలేదా?"

"గమనించా."

"గమనించి ఏమనుకున్నారు? ప్రేమనుకున్నారా?"

"...అనుకున్నా."

"పెళ్లయిన ముప్పై ఏళ్లకి, కొత్తగానా?"

"ఏమో. వస్తుందేమోలే అనుకున్నా. బాగానే ఉండేది కూడా."

"ఛీ. మొహం అటు తిప్పండి, ఎవరన్నా చూస్తే. ఆ సంగతే వెళ్లి వాళ్లకి చెప్పండి. కన్ను లేదంటే ఎవరేమంటారు? దేవుడిచ్చాడు, దేవుడే తీసుకున్నాడు."

"చెప్పలేను."

"ఎందుకు?"

"ఎందుకంటే రెండేళ్ల కిందటే పోయింది కన్ను. పెళ్లిలో ఆ మాట అన్నది పోయిన వేసవిలో. కన్ను లేదని తెలిసి కూడా గొప్పలు పోయాడు, మన చేత ఇంజిన్లు మోయించాడు అనుకోరా? కరక్ నుంచి వచ్చినవాళ్లని చూశావా, కొడుకుని తెచ్చుకున్నారు, నాతో ఫొటో కోసం. జర్కా ఆవిడకి ఏం చెప్పను? మీ ఆయన గుండు వెనక్కి తీసుకోమ్మా అననా? నువ్వు ఏమన్నా అను. అబద్ధాలకోరుని, ఒప్పుకుంటా. కానీ ఆ గదిలో నిలబడి ఆ నలభై మంది మొహాలు చూస్తూ ఆ మాట అనడం నా వల్ల కాదు."

"లేవండి. నేల మీద కూర్చుంటే చొక్కా మాసిపోతుంది."

"మాసిపోనీ."

"ఇస్త్రీ చేసింది నేను. లేవండి. సరే, నా పేరు చెప్పండి."

"ఏంటి?"

"నేనే వస్తా. తలుపు చాటు నుంచి అంటా, ఇంతమంది ముందు చెప్తున్నా, మా ఆయన్ని నడపనివ్వను అని. కప్పు నిండుగా వదిలేసి పోతే పోనీ. రొట్టెలు నేను ఇంట్లోనే చేసుకుంటా."

"నిజంగా అంటావా?"

"అంటున్నాగా. ఆ తలగుడ్డ ఇటివ్వండి. ఆరేళ్ల నుంచి దయ్యాన్నే కదా, ఇంకో ఆరేళ్లు."

"నీ రుణం..."

"మాటలొద్దు. ఎవరో దగ్గుతున్నారు, చూడండి."

"వదినా, నేను. జిర్యస్‌ని. రావచ్చా?"

"రా జిర్యస్. చెప్పులు అక్కడే ఉంచు, నీళ్లు పారాయి."

"అన్నా, ఇక్కడున్నావా? లోపల అందరూ గడియారం చూస్తున్నారు. హాజ్ మాట పూర్తి చేసేశారు."

"నేను లేకుండానా?"

"నీ కుర్చీకి చెప్పారు. మధ్యలో ఆపితే మళ్లీ మీ ముత్తాత గుర్రం నుంచి ఎత్తుకోవాలి, నా ఊపిరి చాలదు అన్నారు. ఖాళీ కుర్చీని చూస్తూ మొత్తం చెప్పేశారు. ఇప్పుడు జవాబు కోసం కూర్చున్నారు. నన్ను పంపారు."

"ఆయనేం అడిగాడో నాకు తెలుసు జిర్యస్. విను. నన్ను క్షమించాలి. ఈ బండి నేను నడపలేను."

"అదే అన్నా."

"అదేమిటంటే, మీ వదిన..."

"నేను చెప్తా, మీరుండండి. జిర్యస్, నేనే..."

"వదినా, ఒక్క నిమిషం. అన్నా, నీకు నడిపే శ్రమ ఎందుకు పెడతాం? అది కాదు మేం అడగడానికొచ్చింది."

"కాదా?"

"కాదు."

"మరి?"

"నువ్వు లేచి వెళ్లకుండా హాజ్ నోట వినుంటే బాగుండేది. ఆయన చక్కగా చెప్పారు. నేను మెకానిక్‌ని, నాకు ఆ మాటలు రావు."

"నీకొచ్చిన మాటల్లోనే చెప్పు."

"బండి నడపడానికి ఉబాదా ఉన్నాడు."

"ఏ ఉబాదా?"

"హాజ్ గారి మనవడే. పళ్ల డాక్టరు. ఇరవై ఆరేళ్లు. బాగా నడుపుతాడన్నా, నేను చూశా."

"ఎక్కడ నేర్చుకున్నాడు?"

"మొదట కంప్యూటర్లో."

"కంప్యూటర్లో."

"తర్వాత బయట కూడా. అభిమానులందరం కూర్చుని మాట్లాడుకున్నాం. బండి తయారైంది. పోటీకి వెళ్తే గెలవాలి. ఇన్ని ఊళ్ల పరువు అందులో ఉంది. కానీ అన్నా, బండి మీద నీ పేరు లేకపోతే ఎవరూ ఒప్పుకోరు. నట్టిచ్చినవాడు నీ పేరు మీద ఇచ్చాడు, ఉబాదాకి ఇవ్వలేదు. అందుకని నీ పేరు, తలుపు మీద ఆ బొమ్మ, అవి ఉంచుకోవడానికి నువ్వు అనుమతివ్వాలి. అది అడగడానికే వచ్చాం. కప్పు దాని కోసమే."

"పేరు."

"పేరు, బొమ్మ."

"నేను నడుపుతానా అని ఎవరూ అడగలేదా?"

"అడగడమంటే, మొదట్లో అందరం అదే అనుకున్నాం. తర్వాత నువ్వు షెడ్డుకి రాకపోయేసరికి... ఓట్లు పెట్టాం అన్నా."

"ఓట్లా?"

"ఫోన్లో. గుంపులో నాలుగొందల మంది ఉన్నాం."

"నన్ను నడపమన్నవాళ్లు ఎంతమంది?"

"ఎందుకులే అన్నా ఇప్పుడు?"

"ఎంతమంది జిర్యస్?"

"ఒకరు."

"నువ్వా?"

"నేను బండి కట్టేవాణ్ని, నాకు ఓటుండకూడదని నేనే... కాదన్నా. జర్కా ఆవిడ. నువ్వు ఊరికే వచ్చి కూర్చుంటే చాలు. నీకు కుర్చీ వేస్తాం."

"ఎక్కడ?"

"మొదలుపెట్టే గీత దగ్గర. గొడుగు కింద."

"వీపు ఆనించుకునేదేనా?"

"చేతులు కూడా ఉన్నది. దిండు పెడతాం. నువ్వు జెండా ఊపాలి. రెండుసార్లు ఊపితే చాలు. మంచినీళ్ల సీసా చేతికందేలా పెడతాం."

"మంచిదే."

"నీకు కోపం లేదుగా?"

"కోపమెందుకు? మంచిదే. ఎంత మంచిదో చూడు. నేనే ఎలా చెప్పాలా అని కొట్టుకుంటున్నా. మంచిదే కదా ఉమ్ షాహిర్? ఎవరికీ ఇబ్బంది లేదు. నువ్వు చెడ్డ అవ్వక్కర్లేదు. ఎండ కూడా ఉండదు, గొడుగుంటుంది. మంచిదే. వెళ్లి హాజ్‌ని తాగమను."

"దేవుడు నిన్ను చల్లగా చూడాలి అన్నా. నీది పెద్ద మనసని హాజ్ ముందే అన్నారు."

"వెళ్లు. చల్లారిపోతుంది."

"ఆగు జిర్యస్."

"వదినా?"

"అక్కడే ఆగు. అబూ షాహిర్, మీరు మంచిదే అని ఎన్నిసార్లన్నారో తెలుసా?"

"ఏమో. మంచిదే కాబట్టి అన్నా."

"మా నాన్న పోయిన రోజు కూడా మా అమ్మ అందరితో ఇలాగే అంది. మంచిదే, బాధపడకుండా పోయారు, మంచిదే అని. సాయంత్రం దాకా అంది."

"ఇంతిసార్, వదిలెయ్యి. అయిపోయింది."

"ఏం అయిపోయింది? మీసం కావాలి, మనిషొద్దు. తలుపుకి పేరు కావాలి, పేరున్నాయన గొడుగు కింద కూర్చుని మంచినీళ్లు తాగాలి. చేతులున్న కుర్చీ. చేతులెందుకు, పడిపోతాడనా? పడిపోవడానికీ పట్టుకోవడానికీ మధ్య ఇరవై నాలుగేళ్లు ఉన్న మనిషి కుర్చీలోంచి పడిపోతాడా?"

"వదినా, మెల్లగా. లోపలికి వినిపిస్తుంది."

"వినిపించనీ. ఒక పళ్ల డాక్టరుకి బండి కట్టివ్వండి అని అడిగుంటే ఎవరిచ్చేవాళ్లు? ఒక్క నట్టు వచ్చేదా? చెప్పు."

"రాదు వదినా. నిజం చెప్పాలంటే రాదు."

"మరి?"

"మరి... ఏం చెప్పమంటారు? వద్దని చెప్పనా? ఆ కప్పు అలా ఉండిపోతే హాజ్ ఈ వయసులో తట్టుకోలేరు."

"వద్దని ఎవరన్నారు? మా గుమ్మంలోకి వచ్చి అడిగినవాళ్లని ఉత్త చేతులతో పంపం. పేరిస్తాం. కానీ పిల్లనిచ్చేటప్పుడు షరతులు చెప్పుకుంటామా, లేదా?"

"చెప్పుకుంటాం. ఇల్లు వేరే ఉండాలనో, చదువు మాన్పించకూడదనో. హాజ్ ఎప్పుడూ కాదనలేదు. షరతు ఒప్పుకోవడం పెద్దమనిషికి మర్యాద."

"అయితే నా షరతు ఇది. పేరు ఎక్కడికెళ్తే మనిషి అక్కడికే వెళ్తాడు. పేరు తలుపు మీద ఉంటే మనిషి తలుపు లోపల ఉంటాడు, స్టీరింగు పట్టుకుని. ఆ పిల్లాడు మిగతా మూడు స్టీరింగుల్లో నచ్చింది తీసుకోవచ్చు."

"ఇంతిసార్, నీకు మతి పోయిందా? ఇప్పుడే కదా నీతో చెప్పాను."

"ఏం చెప్పావన్నా?"

"నీతో కాదు జిర్యస్."

"వదినా, నేను ఇన్నాళ్లూ అనుకున్నది, మీకు ఈ ఆటంటేనే గిట్టదని. ఆరేళ్ల కిందట బండి అమ్మించింది కూడా..."

"అవును, నేనే అమ్మించాను. ఇప్పుడు నేనే నడపమంటున్నా. ఆడదాని మాట, ఏం చేస్తాం. ఈ సంగతి ఆ రొట్టెల కొట్టువాడికి కూడా చెప్పు."

"అన్నా, నువ్వేమంటావు?"

"నేనా? నాకు... కుదరదు జిర్యస్. ఆవిడ ఏదో ఆవేశంలో... చూడు ఇంతిసార్, ఇలా చూడు. నేను ఒక్కణ్నే వెళ్లి ఆ సీట్లో కూర్చుంటే ఏమవుతుందో నీకు తెలుసు. గోడ సంగతి చెప్పాను. జనం సంగతి చెప్పాను."

"చెప్పారు. విన్నా."

"విని కూడా?"

"ఒక్కరే కూర్చోమని నేనన్నానా? జిర్యస్, ఆ బండిలో స్టీరింగుకి కుడిపక్కన రెండో సీటుకి చోటుందా?"

"ఉంది వదినా. బిగించలేదు గానీ చోటుంది. ఎవరికి?"

"నాకు."

"నీకా? ఇరవై నాలుగేళ్లలో నువ్వు ఒక్కసారి కూడా నా ఆటకి రాలేదు."

"ఇప్పుడూ ఆట కోసం రావట్లేదు. ఎడమపక్క మీరు చూసుకోండి. కుడిపక్క నేను చెప్తూ ఉంటా."